ముప్పై ఎనిమిది శాతం

నారిన్ బజారులో, బూట్ల కొట్టు వెనక
నెట్ సరిగ్గా అందే ఒకే ఒక్క బెంచీ మీద
కూర్చుని అప్పుడే రెండు గంటలైంది.
తెల్లారగట్ల లారీ కొండెక్కుతుంది.
సోన్-కుల్ పచ్చిక మీద సిగ్నల్ ఉండదు.
గాలి ఉంటుంది, గొర్రెలుంటాయి,
నా గుడారపు బడిలో పదకొండుమంది పిల్లలుంటారు,
ఎండ కాస్తేనే ఛార్జి ఎక్కే టాబ్లెట్ ఒకటి.
ఏది దించుకున్నా ఇవాళే దించుకోవాలి.

మొదటిది తెరవగానే చప్పట్లు కొట్టింది.
నేనింకా వేలు కూడా పెట్టలేదు.
తప్పు నొక్కితే చప్పట్లు, ఒప్పు నొక్కితే బాణసంచా,
ఊరకే కూర్చున్నా ఒళ్ళో ఓ నక్షత్రం రాల్చింది.
ఇంత చవగ్గా మెచ్చుకునే మనిషిని
మా అమ్మ గుమ్మం దాటనిచ్చేది కాదు.
తీసేశాను.

రెండోది బుద్ధిమంతురాలే, మూడో పాఠం దాకా.
అక్కడొక తాళంకప్ప, పక్కన ఏడుపు మొహం కుందేలు:
"నాకు క్యారెట్లు కొనమని అమ్మనడగవూ?"
ఉల్‌జాన్‌కి అయిదేళ్ళు. ఆ కుందేలు తినేదాకా
అది రాత్రి రొట్టె ముట్టదు, నాకు తెలుసు.
వాళ్ళమ్మ దగ్గర ఉన్నది ఉన్ని, అమ్ముడుపోని ఉన్ని.

మూడోదానికి ఏవో బహుమతులొచ్చాయట.
జంతువుల పాఠం. రష్యన్‌లో తేనె పూసిన గొంతు:
"గుర్రం ఎక్కడుందో చూపించు!"
బూట్ల కొట్టాయన కొడుకు బెక్తెమిర్,
పోయిన వేసవి నా బడివాడే,
ఎండు పెరుగు ఉండ బుగ్గన పెట్టుకుని
నా మోచేతి కింద నుంచి తల దూర్చాడు.
"గుర్రం లేదు, ఎజే."
ఉందిగా, ఇదిగో.
"అది కునాన్. దానికింకా మూడో ఏడే. పళ్ళు చూడు."
చూశాను. బొమ్మ గీసినవాళ్ళెవరో
ఫొటో ముందు పెట్టుకుని పళ్ళు కూడా గీశారు, పాపం.
గొంతు మళ్ళీ అడిగింది. వాడు చేతులు కట్టుకున్నాడు.
మళ్ళీ అడిగింది.
ఎర్ర గంట మోగింది: తప్పు.

వాడికి కోపం రాలేదు.
పెద్దవాళ్ళు అబద్ధమాడుతూ దొరికిపోతే
మర్యాదకి తల తిప్పుకుంటారే పిల్లలు, అలా
బూట్ల వైపు చూశాడు.

పుట్టిన ఏడు కులున్, ఏడాది నిండితే తాయ్,
ఆ మీదట కునాన్. ఈనేది బియే, మందనేలేది ఐగిర్.
పాలపళ్ళు ఊడకముందే ఇవన్నీ వాడి నాలుక మీదున్నాయి.
అన్నిటికీ కలిపి ఒకే బొత్తాం కుట్టినవాడు
ఏ ఊళ్ళో ఎన్నో అంతస్తులో ఉన్నాడో,
చెడ్డవాడై ఉండడు. గుర్రం వాసన ఎరగడు, అంతే.

తీసేయబోయి ఆగాను.
పదకొండుమంది చుట్టూ చేరి
ఈ తేనె గొంతుకి తప్పు దిద్దుతుంటే?
యంత్రానికి తెలియనిది తమకు తెలుసని
ఒక్క పూటైనా తెలిస్తే?
ఉంచాలా?
కానీ నేను పక్కన లేని పూట
గంట మోగుతుంది, ఒకళ్ళు నమ్ముతారు.
మెల్లిమెల్లిగా కునాన్‌ని గుర్రమంటారు.
వేలు గాల్లోనే ఉండిపోయింది.

చివరిది అట్టడుగున దొరికింది.
ఒక ఖాళీ కాగితం, ఒక కుంచె, గొంతు దాచుకునే ఒక చుక్క.
చప్పట్లు లేవు, కుందేలు లేదు.
బెక్తెమిర్ కాళ్ళు మాత్రమే గీశాడు, అయిదు.
తర్వాత ఆ చుక్క నొక్కి,
పిల్లని వెతుక్కునే బియేలాగా
గొంతంతా పెట్టి సకిలించాడు.

వినిపించాను.
గడ్డి బండికి కట్టిన ముసలి ఆడగుర్రం
నముల్తున్నది ఆపి
మా వైపు రెండు చెవులూ తిప్పింది.

"ఎజే, అయిదో కాలు తోక," అన్నాడు వాడు.
బ్యాటరీ ముప్పై ఎనిమిది.
మూడోది ఇంకా తీయలేదు.